గుండె అంకె లేని వాచీ

మా ఇంట్లో గుండె యాభై రెండేళ్ళకు ఆగిపోతుందని మా చుట్టాల నమ్మకం. మా నాన్నకు ఆ వయసులోనే ఆగింది. చాలా ఏళ్ళ తర్వాత మా అన్నకూ ఆ వయసులోనే ఆగింది. ఇక వరసలో మిగిలింది నేను. నాకు యాభై ఒకటి నిండిన దగ్గర్నుంచీ కెనడాలో, హామిల్టన్‌లోని మా తెలుగు చర్చిలో ఆంటీలు నన్ను పలకరించే తీరే మారిపోయింది. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర నా చెయ్యి పట్టుకుని, ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. నేను బతికుండగానే నన్ను పరామర్శించడానికి వచ్చినట్టుండేది. బాగానే ఉన్నానని నవ్వుతూ చెప్పి, కారెక్కాక తలుపు ధడాలున వేసేదాన్ని.

ఆ ఏడాదే నేను ట్రయాథ్లాన్‌కు పేరిచ్చాను. అందులో చిన్నవీ ఉన్నాయి. నేను ఎంచుకున్నది పెద్దది. ముందు సరస్సులో నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత. ఒడ్డెక్కి నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు. సైకిలు దిగి ఒక పూర్తి మారథాన్. పొద్దున్నే మొదలుపెట్టి అర్ధరాత్రిలోపు ముగింపు గీత దాటాలి, దాటకపోతే ఆ రోజంతా చేసినదానికి లెక్క లేదు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని అడగని మనిషి లేదు. యాభై రెండో ఏడు నన్ను వెతుక్కుంటూ వస్తుంటే సోఫాలో దుప్పటి కప్పుకుని దానికోసం ఎదురుచూడను, నేనే ఎదురెళ్ళి చూస్తాను అని చెప్పాను. అడిగినవాళ్ళలో ఎవరికీ ఈ జవాబు నచ్చలేదు. నచ్చాలని నేనూ చెప్పలేదు.

తిక్కతో చేసిన పని మాత్రం కాదది. నేను హాస్పిటల్లో డయాలసిస్ నర్సును. ఒళ్ళు ఎప్పుడు మొరాయిస్తుందో రోజూ చూసేదాన్ని. అన్న పోయాక కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళి చేయించుకోవాల్సిన పరీక్షలన్నీ చేయించుకున్నాను. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు, స్కాన్ తీశారు, రక్తం తీశారు. చివరికి ఆ డాక్టరమ్మ, నీ గుండె బాగుంది, దాన్ని వాడుకో అంది. నేను ఆ మాటను అన్నది అన్నట్టుగా తీసుకున్నాను. పక్క కుర్చీలో కూర్చుని అదే మాట విన్న మా ఆయనకు మాత్రం గుండె అన్న ఒక్క ముక్కే వినబడింది.

మా ఆయన సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఇంజినీరు. కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చోవడం ఆయన పని. వేడి ఇంత, ఒత్తిడి ఇంత అని అంకెలు వస్తుంటాయి. ఏ అంకైనా ఎర్రగీత దాటితే ముందు మెషీన్ ఆపేస్తారు, ఎందుకు దాటిందని ఆ తర్వాత ఆలోచిస్తారు. ఇన్నేళ్ళూ ఆ పద్ధతి వల్లే ఎవరికీ ఏమీ కాలేదని ఆయనకు గర్వం. ఆ గర్వం న్యాయమైనదే. చిక్కల్లా ఆ పద్ధతి ఇంటికి కూడా వచ్చేయడమే.

ఇంకొకటి కూడా ఉంది. మా అన్న మార్కమ్‌లో ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ సమయంలో మా ఆయన అన్నకు ఫోన్ చేశాడు. పెద్ద విషయమేమీ కాదు, శనివారం వస్తున్నారా అని అడగడానికి. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రానికి సంగతి తెలిసింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక చట్టం వచ్చింది. ఫోన్ మోగితే ఎత్తాల్సిందే. స్నానంలో ఉన్నా, డ్యూటీలో ఉన్నా, ప్రార్థనలో ఉన్నా సరే, ఎత్తి ఉన్నానని ఒక్క ముక్క చెప్పి పెట్టేయాలి. ఎత్తకపోతే మా ఆయన ముందు మళ్ళీ చేస్తాడు, ఆ తర్వాత పక్కింటివాళ్ళకు చేస్తాడు, ఆ తర్వాత కారు తాళాలు తీస్తాడు. ఈ చట్టాన్ని మా అమ్మాయి కూడా నోరెత్తకుండా పాటించింది.

నేను ఈత నేర్చుకున్నది నలభై ఎనిమిదో ఏట, కమ్యూనిటీ సెంటర్ పూల్‌లో, లెగ్గింగ్సూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని. సముద్రం పక్కన పుట్టినదాన్ని, నీళ్ళలో మోకాళ్ళ దాకా తప్ప దిగి ఎరగను. మా ఊళ్ళో ఆడపిల్లలకు ఒడ్డు వరకే అనుమతి. మొదటి నెలంతా నీళ్ళు మింగాను. పక్క లేన్‌లో నాకంటే పాతికేళ్ళు పెద్దావిడ తాపీగా అటూ ఇటూ తిరుగుతుంటే ఒళ్ళు మండేది. ఆ మంటతోనే నేర్చుకున్నాను. చలికాలంలో సైకిలును బేస్‌మెంట్‌లో స్టాండుకు బిగించి, బియ్యం బస్తాలకూ ఆవకాయ జాడీలకూ ఎదురుగా కూర్చుని గంటలు గంటలు తొక్కాను. కదలని సైకిలు మీద చెమటలు కక్కుతున్న నన్ను చూసి మా ఆయన, దీనికంటే బట్టలుతికే మెషీన్ నయం, అదైనా ఏదో ఒకటి శుభ్రం చేస్తుంది అన్నాడు. ఆ మాటకు మాత్రం నాకూ నవ్వొచ్చింది.

నవంబరులో ఒకరోజు తెల్లవారకముందే రోడ్డు మీద పరిగెడుతున్నాను. తలకు చిన్న లైటు, నల్ల జాకెట్టు. మా చర్చి ఆంటీ ఒకావిడ పొద్దుటి షిఫ్టుకు కారులో వెళుతూ నన్ను చూసింది. చూసి ఆగలేదు. చేతిలో బ్యాగు లేదు, పక్కన మొగుడు లేడు, చీకట్లో పరుగు. మా వాళ్ళలో యాభై ఏళ్ళ ఆడది ఊరికే పరిగెత్తదు, వెనక ఎవరో తరుముతుంటేనే పరిగెడుతుంది. మధ్యాహ్నానికల్లా స్త్రీల ప్రార్థన గ్రూపులో ఒక విన్నపం వచ్చింది. ఒక సహోదరి కుటుంబంలో శాంతి సమాధానాల కోసం ప్రార్థించండి, పేరు దేవునికి తెలుసు అని. దేవునితో పాటు గ్రూపులో అందరికీ తెలుసు. నాకు మాత్రమే తెలియదు, నేను కూడా ఆమెన్ అని పెట్టాను.

ఆ సాయంత్రం ఇద్దరు ఆంటీలు బిర్యానీ డబ్బాతో మా ఇంటికి వచ్చారు. మా ఆయన వంటింట్లో చేపముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తున్నాడు. ఆ చేతులతోనే వచ్చి కూర్చోమన్నాడు. వాళ్ళు కూర్చుని, కోపం ఎవరికైనా వస్తుంది బాబూ, చెయ్యి మాత్రం ఎత్తకూడదు అని మొదలుపెట్టారు. పాపం ఆయనకు తలా తోకా అర్థం కాలేదు. నేను పైనుంచి దిగివచ్చి సంగతి చెప్పాక వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొగుడు కొట్టాడంటే వాళ్ళకు అర్థమయ్యేది. కావాలని పరిగెత్తానంటే ముక్కున వేలేసుకున్నారు. వెళ్ళేటప్పుడు పెద్దావిడ, మీ అన్నయ్య గుర్తున్నాడు కదమ్మా అంది. గుర్తున్నాడు కాబట్టే పరిగెడుతున్నాను ఆంటీ అన్నాను. బిర్యానీ మాత్రం చాలా బాగుంది.

ఆ క్రిస్మస్‌కు మా ఆయనా మా అమ్మాయీ కలిసి నాకో వాచీ కొనిపెట్టారు. నల్లటి గాజు తెర, మెరిసే అంచు, నగలా ఉంది. అందులో సిమ్ ఉంటుంది, ఫోన్ పక్కన లేకపోయినా మోగుతుంది. నేను ఎక్కడున్నానో, నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఇంట్లో వాళ్ళ ఫోన్లలో ఎప్పటికప్పుడు కనబడుతుంది. మామ్, ఇట్స్ ఫర్ యువర్ సేఫ్టీ అంది మా అమ్మాయి. ఆ రాత్రి మా ఆయన తన ఫోన్‌లో నా గుండెకు నూట యాభై దగ్గర ఒక గీత పెట్టుకున్నాడు. అది దాటితే ఫోన్ కూత పెడుతుంది.

ఆ వాచీతో నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. చలికి గ్లవ్స్ వేసుకుంటే తెర పలకదు. ఈతలో చెయ్యి తడిస్తే దానంతట అదే పేజీలు తిప్పేస్తుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటే, నీకు నిద్ర సరిపోలేదు, ఇవాళ విశ్రాంతి తీసుకో అని పాఠం చెబుతుంది. ఒకసారి నా ఒంటి వయసు అరవై ఎనిమిది అని చూపించింది. నువ్వు పుట్టి మూడు నెలలు కాలేదు, నువ్వా నాకు చెప్పేది అని పైకే తిట్టాను. వీటన్నిటికీ ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది ఫోన్. ఎత్తు ఎక్కడం మొదలుపెట్టి ఊపిరి అందుకుంటున్నానో లేదో మణికట్టు వణికేది. ఆయన. ఎక్కడున్నావు, నూట యాభై ఐదు చూపిస్తోంది, ఆగు. ఎత్తు ఎక్కుతుంటే గుండె వేగం పెరగడమే దాని పని అని చెప్పేదాన్ని. సరే అనేవాడు. మర్నాడు మళ్ళీ చేసేవాడు.

నాకు వేరే కొలత ఉందని ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న కీర్తన ఒకటి ఉంది, రెండు వరసల పల్లవి. పరిగెడుతూ దాన్ని పైకి పాడతాను. ఒక్క ఊపిరిలో పల్లవి మొత్తం వచ్చేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉన్నట్టు. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే కష్టపడుతున్నట్టు, కానీ ఫరవాలేదు. రెండు మాటలకే ఆగిపోతే వేగం తగ్గించాలి. హాస్పిటల్లో కూడా మేము పేషెంట్లను మాట్లాడించే ఊపిరి సంగతి కనిపెడతాం. నేను మాటలకు బదులు పాట పెట్టుకున్నానంతే. మా ఆయన ఇదంతా విని, పాటతో కొలత ఏంటి, నీ పిచ్చి గాకపోతే అనేవాడు. తెర మీద పడనిదేదీ ఆయనకు కొలత కాదు.

జూన్ చివర్లో సగం దూరం పోటీ ఒకటి ఉంది. పెద్దదానికి ముందు ఒళ్ళు ఎలా ఉందో చూసుకోవడానికి చాలామంది చేస్తారు. ముందు రోజు రాత్రి మా ఆయనతో, రేపు ఫోన్ చేయొద్దు, పోటీలో ఫోన్ మాట్లాడితే బయటికి పంపేస్తారు అని చెప్పాను. చేయనులే అన్నాడు. పొద్దున పోటీవాళ్ళు మైకులో ఆ నియమాన్నే మళ్ళీ చదివారు. నేను విన్నాను. విని కూడా ఆ వాచీనే పెట్టుకుని నీళ్ళలో దిగాను, ఎందుకంటే నా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఈత బాగా సాగింది. సైకిలు ఇంకా బాగా సాగింది. పరుగులో సగం దాటాక ఒక ఎత్తు వచ్చింది, ఎండ నడినెత్తి మీద ఉంది. పల్లవి మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంటున్నాను, అంటే ఫరవాలేదు. అప్పుడు మణికట్టు వణికింది. వదిలేశాను. ఆగి మళ్ళీ వణికింది. వదిలేశాను. మూడోసారి మోగేసరికి నా కళ్ళకు రోడ్డు కనబడలేదు. పార్కింగ్‌లో మా అన్న కారు, లోపల మోగుతున్న ఫోన్ కనబడ్డాయి. ఇప్పుడు ఇంట్లో ఆ మనిషి కారు తాళాలు వెతుక్కుంటూ ఉంటాడని నాకు తెలుసు. ఇంకెవరైనా అయితే ఎత్తేవాళ్ళు కాదు. మా ఇంటి మనిషిని కాబట్టి ఎత్తాను.

"నూట అరవై రెండు చూపిస్తోంది. ఎందుకు ఎత్తవు? ఆగు. ఎక్కడైనా కూర్చో ముందు."

"ఉన్నానండీ. బాగానే ఉన్నాను. పెట్టేయండి."

అంతే మాట్లాడింది. పెట్టేసి తలెత్తేసరికి సైకిలు మీద ఒక అధికారి నా పక్కనే ఉన్నాడు. చాలా మర్యాదగా, చాలా బాధపడుతూ, మీరు పోటీలో లేరు మేడమ్ అన్నాడు. కాలికి కట్టిన, సమయం లెక్కకట్టే చిప్పు విప్పి ఇమ్మన్నాడు. నేను వాదించలేదు. నియమం నియమమే, నేను దాన్ని రెండు చెవులా విన్నాను. విప్పి ఇచ్చాను. వ్యాన్‌లో వెనక్కి తీసుకెళతామన్నారు. అక్కర్లేదన్నాను. ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉంది. రోడ్డు దిగి ఫుట్‌పాత్ ఎక్కాను. రోడ్డు పోటీవాళ్ళది, ఫుట్‌పాత్ ఊరందరిదీ కదా. కుక్కల్ని తిప్పేవాళ్ళను తప్పించుకుంటూ చివరిదాకా పరిగెత్తాను. ముగింపు గీత పక్కనుంచి, తాడుకు ఇవతలనుంచి వెళ్ళాను. ఎవరూ మెడలో ఏమీ వేయలేదు. కళ్ళనీళ్ళు వచ్చాయి, అవి కోపంతో వచ్చినవి.

ఇంటికి వచ్చి వాచీ విప్పి మా ఆయన ముందు టేబుల్ మీద పెట్టాను. ఆయనకు అప్పటికే తెలుసు, నా ముఖంలోనే చదువుకున్నాడు. తప్పు అయిపోయిందనలేదు. నేనూ నిదానంగా లేను.

"మీకు నా గుండె కనబడుతోంది గానీ నేను కనబడటం లేదండీ," అన్నాను.

ఆయన వాచీని చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తిప్పి చూస్తూ, "ఆ రోజు మీ అన్నయ్య ఫోన్ ఎత్తకపోతే, మీటింగ్‌లో ఉన్నాడులే అనుకుని నేను భోజనానికి వెళ్ళిపోయా. అన్నం తిన్నా. ఇంకోసారి అలా అనుకోలేను," అన్నాడు.

పెళ్ళై పాతికేళ్ళు దాటింది. ఆ భోజనం సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నా కోపం ఒక్క క్షణం తడబడింది. అయినా అప్పుడు జాలిపడితే ఇక ఈ జన్మకు ఆ గీత లోపలే బతకాలని నాకు తెలుసు.

"అయితే ఫోన్ చేయకండి. భయమేస్తే వచ్చి నిలబడండి. రోడ్డు పక్కన నిలబడి మీ కళ్ళతో చూడండి. ఆ వాచ్ మాత్రం నా చేతికి ఎక్కదు," అన్నాను.

మర్నాడు ఆటల సామాన్ల షాపుకు వెళ్ళాను. అద్దాల కింద వరసగా వాచీలు. కౌంటర్‌లో అబ్బాయి పడిపోతే కనిపెట్టేవి, నిద్ర లెక్కపెట్టేవి, ఇంటికి కబురు చేసేవి ఒక్కొక్కటే తీసి చూపించాడు. నాకు కావాల్సింది చెప్పాను. పొద్దుట్నుంచి అర్ధరాత్రి దాకా చార్జింగ్ అడగకూడదు. తడి చేత్తో, గ్లవ్స్‌తో నొక్కడానికి నిజమైన బటన్లు ఉండాలి. మోగకూడదు, నా గురించి ఎవరికీ ఏమీ చెప్పకూడదు. అతను కాసేపు ఆలోచించి, అద్దాల కింద కాదు, వెనక అరలోంచి ఒకటి తెచ్చాడు. పాత మోడల్, బూడిదరంగు, లావుగా, ఐదు బటన్లు. నొక్కితే టక్కుమంది. ఆ టక్కు వినగానే ఇదే అన్నాను. ఇంట్లో చూపిస్తే మా అమ్మాయి, మామ్, ఇట్స్ సో అగ్లీ అంది. అవును అన్నాను.

ఆ వాచీ తెర మీద ఏ అంకెలు రావాలో మనమే పెట్టుకోవచ్చు. తీయగానే పైన పెద్దక్షరాల్లో గుండె అంకె ఉంది. దాన్ని తీసేశాను. గుండె అంకె మీద నాకు పగ లేదు, హాస్పిటల్లో రోజంతా చూసేది దాన్నే. కానీ పరిగెడుతూ ఆ అంకె చూసినప్పుడల్లా నాకు మా నాన్న, మా అన్న, నూట యాభై దగ్గర గీత గుర్తుకొస్తాయి. ఎంత దూరం వచ్చాను, ఎంత సమయం ఉంది, ఈ రెండే ఉంచాను.

వేసవి మిగతా రోజులంతా దానితోనే తిరిగాను. పొద్దున సరస్సులో, శనివారాలు సైకిలు మీద. జేబులో నువ్వుండలు పెట్టుకుని తినేదాన్ని, అవి పళ్ళకు అంటుకుపోయి ఒకసారి పది కిలోమీటర్లు నోరు తెరవలేకపోయాను. ఇంట్లో మా ఆయన నాతో ముక్తసరిగానే ఉన్నాడు. నేను బయటికి వెళుతుంటే ఫోన్ చేతిలోకి తీసుకుని, మళ్ళీ టేబుల్ మీద బోర్లా పెట్టేవాడు. దాన్ని బోర్లా పెట్టడానికి ఆయన ఎంత కష్టపడుతున్నాడో నాకు కనబడేది. కనబడినా కనబడనట్టే షూ లేసులు కట్టుకునేదాన్ని.

పెద్ద పోటీ సెప్టెంబరులో, ఆదివారం. ఆరాధన మానేసి పోటీయా అని పాస్టర్ గారు మెత్తగానే అడిగారు. సరస్సు దగ్గర కూడా దేవుడు ఉంటాడండీ, ఆయనతో నాకు ఆ రోజు చాలా పనుంది అన్నాను. మా ఆయన మాత్రం ముందు రోజే కారు సర్దాడు. మడత కుర్చీ, ఫ్లాస్కు, గొడుగు, రెండు స్వెటర్లు. నేను రమ్మని మళ్ళీ అడగలేదు. ఆయన వస్తున్నానని చెప్పలేదు.

ఈత గురించి చెప్పడానికి పెద్దగా లేదు, నీళ్ళు చల్లగా ఉన్నాయి, నా మొహం మీద ఎవరో తన్నారు, నేను కూడా ఎవరినో తన్నాను. సైకిలు మీద ఎదురుగాలి. మధ్యాహ్నం ఒక మలుపులో మడత కుర్చీ, గొడుగు కింద మా ఆయన కనబడ్డాడు. చెయ్యి ఊపలేదు. నన్ను పైనుంచి కిందదాకా ఒకసారి చూసి, ఫ్లాస్కు మూత తీసుకున్నాడు. పరుగు మొదలయ్యేసరికి సాయంత్రం దిగింది. పరుగు అంతా ఒకే దారిలో నాలుగు చుట్లు. ఆయన కుర్చీని ఆ దారి చివరి మలుపుకు మార్చుకున్నాడు. ప్రతి చుట్టులో ఆయన ముందునుంచి వెళ్ళాను. ప్రతిసారీ లేచి నిలబడ్డాడు.

మూడో చుట్టులో చీకటి పడింది. ఆ చుట్టులో ఆయన్ని దాటి వచ్చాక ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. రోజంతా హ్యాండిల్ మీద వాలి తొక్కితే భుజం నొప్పి పుట్టక మానదు. వేలితో నొక్కితే నొప్పి ఎక్కువవుతోంది, చెయ్యి తిప్పితే తగ్గుతోంది, ఛాతీలో ఏమీ లేదు, కళ్ళు తిరగడం లేదు. ఇది కండరం నొప్పి అని నాలోని నర్సు చెబుతూనే ఉంది. కానీ ఆ మాట వింటున్నది నర్సు కాదు. ఎడమ భుజం, యాభై రెండేళ్ళు, మా నాన్న కూతురు, మా అన్న చెల్లెలు. అందరూ అన్నదే నిజమేమో అనుకున్నాను. జీవితంలో మొదటిసారి అలా అనుకున్నాను. కాళ్ళు వాటంతట అవే నడకలోకి దిగాయి. నాలుగో చుట్టంతా నడుస్తూనే వచ్చాను. వాచీ చూస్తే అర్థమవుతోంది, ఈ నడకతో వెళితే సమయం చాలదు. సమయం చాలకపోయినా ప్రాణం ఉంటుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట అన్నవాళ్ళందరినీ తిట్టినదాన్ని నేనే.

చివరి మలుపు దగ్గర మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు. నా నడక దూరం నుంచే చూసినట్టున్నాడు. తాడుకు అవతలే ఉండి నాతోపాటు నడవడం మొదలుపెట్టాడు. చేతిలో ఫోన్ లేదు. దీపం వెలుతురులో ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది?" అన్నాడు.

"భయమేసిందండీ. భుజం నొప్పి. భుజమేనని తెలుసు. అయినా భయమేసింది."

ఇంతకాలం ఆయన ఎదురుచూసిన మాట అదే. ఆగు, కూర్చో, ఇంటికి పోదాం అంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అనాలనే కోరుకున్నాను. ఆయన అంటే నేను ఆగిపోయేదాన్ని, ఆ తర్వాత జన్మంతా ఆయన్ని సాధించేదాన్ని. ఆయన నాలుగు అడుగులు నాతో నడిచాడు.

"పల్లవి పాడు," అన్నాడు.

నేను ఆయన వైపు చూశాను.

"పాడవే. వింటా."

పాడాను. చీకట్లో, తెలుగు తెలియని మనుషుల మధ్య, నీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ వాలంటీర్లు చూస్తుండగా, సండే స్కూల్ పిల్లలా గొంతెత్తి పాడాను. మొదటి వరస అయిపోయింది. ఊపిరి ఉంది. రెండో వరస ఎత్తుకున్నాను. అది కూడా అయిపోయింది. చివరి మాట కాస్త సాగదీసి కూడా పాడాను. ఒక్క ఊపిరి. మా ఆయన తల దించుకుని చివరిదాకా విన్నాడు, కంట్రోల్ రూమ్‌లో కూడా అంత శ్రద్ధగా ఏ అంకెనూ చూసి ఉండడు.

"మొత్తం వచ్చింది కదే. ఇంకేం, నడుస్తావేంటి మరి? పరిగెత్తు."

ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఇక ఆలోచించలేదు. భుజం నొప్పిగానే ఉంది, కాళ్ళు రాళ్ళయ్యాయి, నాకు ఏడుపొస్తోంది, పరిగెత్తాను. అవతల ఆయన కూడా స్వెటరు చంకలో పెట్టుకుని కొంతదూరం పరిగెత్తాడు, తర్వాత ఆయాసంతో ఆగిపోయి దగ్గడం వినబడింది. ముగింపు గీత దగ్గర గడియారం చూడలేదు. నా మణికట్టు మీదున్న ముసలి వాచీ మీద బటన్ నొక్కాను, టక్కుమంది. ఇంకా కాసేపు సమయం మిగిలే ఉంది.

మా ఆయన కుంటుకుంటూ వచ్చేసరికి నేను నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఎలా ఉంది అని అడిగాడు. ఆకలేస్తోంది అన్నాను. ఫ్లాస్కులో మిగిలిన చల్లారిన కాఫీ ఇచ్చాడు.

ఫిబ్రవరిలో నాకు యాభై మూడు నిండాయి. చర్చిలో కాఫీ దగ్గర అదే ఆంటీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఈసారి గొంతు తగ్గించలేదు, ఎన్నో ఏడమ్మా అని మామూలుగా అడిగింది. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చూడని ఏడు ఆంటీ అని చెప్పాను. పక్కన మా ఆయన కేకు కోస్తున్నాడు, జేబులో ఫోన్ మోగుతోంది. ముక్క కోయడం పూర్తిచేసి, నాకిచ్చి, అప్పుడు ఎత్తాడు.